జానెడు జాతికుక్క

పెన్నగిరి రాజు మల్లభూపతికి ఆ ఏడు కుక్కల పిచ్చి పట్టుకుంది. ఎగదోసినవాడు శునకశాల అధికారి గవరయ్య.

"మేలుజాతి కుక్క జానెడుకు మించకూడదు ప్రభూ. చెవి తమలపాకంత, ముక్కు రేగుపండంత ఉండాలి. మిగిలినవన్నీ నాటువే" అంటూ ఓ వెండిబుట్ట తెచ్చి రాజు ముందు పెట్టాడు. అందులో బొచ్చుముద్దలాంటి కుక్క ఒకటి. "సముద్రాల అవతలి జాతి. మూడేళ్ళది. ఇంతకన్నా పెరగదు."

రాజు మురిసిపోయాడు. జానెడుకు మించిన వేటకుక్కలన్నిటినీ తెల్లారేసరికి కోట దాటించమన్నాడు.

ఆ మాటకి విదూషకుడు కొండుభట్టు చటుక్కున లేచాడు. వేటకుక్కలంటే అతనికి ప్రాణం. కానీ ముచ్చటలో ఉన్న రాజుకి ఎదురుచెబితే పని చెడుతుందని అతనికి బాగా తెలుసు. ఏం చెయ్యాలో తోచక బుట్టలోకి తొంగిచూసి, కుక్కను నిమరబోయాడు. అది అతని వేలు నోట్లో పెట్టుకుని చప్పరించసాగింది.

కొండుభట్టు ముఖం విప్పారింది.

"ప్రభూ, ఇంత గొప్ప జాతి మన కోటకొచ్చింది. వెళ్ళిపోయే కుక్కల తరఫున ఒకటి వచ్చి దణ్ణం పెట్టిపోతుంది. సెలవివ్వండి."

రాజు నవ్వి సరేనన్నాడు.

కొండుభట్టు వెళ్ళి, ఈమధ్యే పిల్లలు పెట్టిన వేటకుక్కను సభలోకి నడిపించుకొచ్చాడు. వాసన తగిలిందో లేదో, మూడేళ్ళ జాతికుక్క బుట్టలోంచి దబ్బున కిందపడింది. తడబడుతూ పరుగెత్తి, ఆ తల్లి పొట్ట కిందికి దూరి, చప్పుడయ్యేలా పాలు తాగడం మొదలుపెట్టింది.

గవరయ్య గబగబా ముందుకొచ్చాడు. "ఆ... ఆ జాతి లక్షణమే అంత ప్రభూ. ఎంత వయసొచ్చినా పాలు మానవు" అని నసిగాడు.

రాజు కొండుభట్టు వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

"గవరయ్యగారు చెప్పాక కాదంటానా ప్రభూ. ఒక్కటే మనవి.

రేపు శత్రువులు కోట మీదికొస్తే, మన కాపలాకుక్క పాలు తాగడం అయ్యేదాకా కాస్త ఆగమని చెప్పడానికి గవరయ్యగారినే పంపించండి."

ముందు రాజే నవ్వాడు. ఆపైన సభంతా ఘొల్లుమంది.

"పాలు మానని కుక్కపిల్లను తెచ్చి మూడేళ్ళ కుక్క అంటూ నమ్మించావా గవరయ్యా" అంటూ రాజు అతని పదవి అక్కడికక్కడే ఊడబెరికాడు. వేటకుక్కలను కదపొద్దని ఆజ్ఞాపించి, ఇంకా నవ్వుతూనే తన మెడలోని ముత్యాలహారం తీసి కొండుభట్టు మెడలో వేశాడు.