చుక్క నీరు చేరని పడవ

"రచయితకి గర్వం ఉండొచ్చా, గురువుగారూ?"

శాంభవి ఈ మాట అడిగింది సందేహం తీర్చుకోడానికి కాదు. ముందురోజు కాకినాడ సభలో ఒక పెద్దమనిషి "వంగల పేరిందేవి గారికి ప్రతిభ గోరంత, గర్వం కొండంత" అని మైకులో అన్నాడు. సభ గొల్లుమంది. యూనివర్సిటీ చర్చా పోటీల్లో ఎదుటిపక్షం నోరు కట్టేసిన శాంభవికి ఆ పూట మైకు దొరకలేదు. రాత్రంతా పళ్ళు నూరుకుని, గర్వం ఉండాలనడానికి మూడు వాదనలు, ఉండకూడదనేవాళ్ళని చిత్తుచెయ్యడానికి ఇంకో మూడు సిద్ధం చేసుకుని, తెల్లారేసరికి గురువు పేరిందేవి గుమ్మంలో కూర్చుంది.

ఆవిడకి వాదనలు గిట్టవు. తాటిబెల్లం కాఫీ, గంజిపెట్టిన నేతచీర, రేడియోలో సన్నాయి, ఇవీ ఆవిడ ఇష్టాలు. గోడకి బిగించిన ఎత్తుబల్ల ముందు నిలబడి రాస్తుంది. పొద్దున పదింటికి కలానికి మూతపెడితే కలెక్టరు వచ్చి బతిమాలినా మళ్ళీ తియ్యదు. అట్టమీద ఇంటిపేరుతో సహా పూర్తిపేరు పడాల్సిందే, పొడి అక్షరాలు కుదరవంటుంది. గర్వమని జనం చెప్పుకునేది వీటినే. జనానికి తెలియని అలవాటు ఇంకొకటుంది. ఏ పనివాళ్ళ మీద నవల రాస్తే, అచ్చు పూర్తయ్యే ముందు ఆ పనివాళ్ళ దగ్గరికే వెళ్ళి చివరి అధ్యాయం చదివి వినిపిస్తుంది.

"తాళ్ళరేవు పోవాలి. చెప్పులేసుకో," అంది ఆవిడ, అడిగినదానికి జవాబుగా.

ఆవిడ తొమ్మిదో నవల చెక్కపడవలు కట్టేవాళ్ళ గురించి. ఆదివారమే ఆవిష్కరణ. కార్డులు పంచేశారు. కార్డులో గురువు పేరు కింద "ప్రసంగం: శాంభవి" అని ఉంది. పుస్తకం గురించి పెద్ద వేదిక మీద మాట్లాడ్డం ఆ పిల్లకి అదే మొదలు. ప్రసంగమంతా చివరి అధ్యాయం మీదే అల్లుకుంది. అందులో పదేళ్ళు అవమానాలు పడ్డ వాలయ్య తన పడవని ఏట్లోకి దింపుతాడు. ఊరు ఊపిరి బిగబట్టి చూస్తుంది. చుక్క నీరు లోపలికి చేరదు. నవ్వినవాళ్ళు తలలు దించుకుంటారు. ఆ నాలుగు పేజీలూ శాంభవికి కంఠతా వచ్చు.

కాలవగట్టున ఒక పడవ సగం పలకలతో, ఎముకలు కనపడుతూ నిలబడి ఉంది. దాన్ని కడుతున్న సింగన్న మేస్త్రి చెక్క చెక్కే బాడిస పక్కనపెట్టి వినడానికి కూర్చున్నాడు. ఆయన వదినె నూకాలమ్మ పలకల సందుల్లో దట్టించే నూలుతాడు పేనుతూ చెవి ఇటు పడేసింది. పేరిందేవి నిలబడే చదివింది. 'చుక్క నీరు చేరలేదు' అన్నచోట నూకాలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంటి నూకాలూ, నవ్వుతున్నావు?"

"ఏం లేదండమ్మా. ఆ పడవ మునిగిపోద్దండి."

శాంభవికి చర్రుమంది. "చుక్క నీరు రాలేదని చదువుతుంటే మునగడమేంటి?"

"అందుకేనండి మునిగేది."

సింగన్న అందుకున్నాడు. "ఎండిన చెక్క నీళ్ళలో దిగితే ఉబ్బుద్దండి. ఉబ్బడానికి చోటుండాలి కదండీ. అందుకని నూలు మరీ బిగించం. దింపిన రోజున పెతి పడవా కారుద్ది. కట్టినోడు అందులోనే కూచుని తోడుకుంటా ఉంటాడు. మూడోనాటికి పలకలే ఒకదాన్నొకటి కరుసుకుంటాయి. మొదటిరోజే చుక్క రాకుండా బిగ్గొట్టాడంటే, చోటు సాలక పలకలు మేకుల్ని లాగేత్తాయి. నడిఏట్లో పలక విచ్చుకుద్దండి."

ఇక్కడ ఊరుకుంటే శాంభవి శాంభవి ఎలా అవుతుంది? నడుముకి చున్నీ బిగించింది. "మేస్త్రిగారూ, ఇది కథ. చదివేవాళ్ళలో పడవలు కట్టేవాళ్ళు ఎంతమంది? వాలయ్య గెలవాలా వద్దా? మీ పనితనం ఎంత గొప్పదో లోకానికి చాటుదామనే కదా గురువుగారు అలా రాశారు! మీ తరఫున వాదించే మనిషితో మీరే వాదిస్తారా?"

సింగన్నకి కోపం రాలేదు. ఒళ్ళో పడ్డ చెక్కపొట్టు దులుపుకున్నాడు. "మా నాన్న కట్టిన పడవలు నలబై ఏళ్ళు తిరిగినియ్యండి. అన్నీ మొదటిరోజు కారినియ్యే. మాకు లేని గొప్ప అంటగట్టకు తల్లీ. ఉన్నది సాలుద్ది మాకు."

శాంభవి ఆరు వాదనల్లో ఒక్కటీ దీనికి సరిపోలేదు. గురువు వైపు చూసింది. ఆవిడ మొహం కందిపోయి ఉంది. మేస్త్రిని మందలించేస్తుందేమో అనుకుంది.

"ఈ పడవ ఎప్పుడు దింపుతావు?" అనడిగింది పేరిందేవి.

"పున్నమి పోటుకండి. ఇంకో ఇరవై రోజులు."

ఆవిడ అక్కడే ఫోను తీసి పబ్లిషరుకి చేసింది. "చివరి ఫారం అచ్చు ఆపండి. ఆదివారం సభా ఆపండి."

అవతలి గోల ఇవతలి గట్టుకి వినపడింది. "కార్డులు పంచేశామమ్మా! ఆ అధ్యాయం చదివి నేనే ఏడ్చాను!"

"మిమ్మల్ని ఏడిపించడానికే రాశాను. అదే నా తప్పు," అని పెట్టేసింది.

తిరుగు బస్సులో శాంభవి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సంచిలో పదకొండు కాగితాల ప్రసంగం, ఇక చిత్తుకాగితాల కింద లెక్క. కొండంత గర్వమన్న పెద్దమనిషి ఇది వింటే ఇంకెంత నవ్వుతాడో! పైగా ఇప్పుడు నవ్వడానికి కారణం కూడా దొరికిందాయె.

పున్నమినాటి పొద్దుటి పోటుకి పడవ దిగింది. దిగీ దిగగానే సందుల్లోంచి సన్నగా నీళ్ళు. సింగన్న అడుగున కూర్చున్నాడు. ఒక పక్క పేరిందేవి, ఇంకోపక్క శాంభవి. గట్టు మీద జనం చేరారు.

"మేస్త్రీ, పడవ కట్టావా జల్లెడ కట్టావా?"

"పంతులమ్మలిద్దరూ ఈత నేర్చుకోడానికొచ్చారా ఏంటి?"

శాంభవి నాలుక చివర నాలుగు జవాబులు నిలబడ్డాయి. ఒక్కోటీ ఒక్కో చెంపపెట్టు. లేవబోయింది. సింగన్న ఆమె చేతికి చెంబు ఇచ్చాడు.

"కట్టినోడు ఈ మూడ్రోజులూ పలక్కూడదమ్మా. అది మా రివాజు."

"నేను కట్టలేదు కదా!"

"మరెందుకు కూచున్నావు ఇందులో?"

చెంబు పుచ్చుకుంది. తోడింది. మొదటిరోజు చేతులు బొబ్బలెక్కాయి. రెండోరోజు ఎటకారాలాడేవాళ్ళు సగమయ్యారు, నీళ్ళూ సగమయ్యాయి. జన్మలో మొదటిసారి, జవాబు తెలిసీ పెదవి విప్పని రోజులు గడిపింది శాంభవి. మూడోరోజు మధ్యాహ్నం చెంబు ముంచబోతే అడుగున చెక్క గీసుకుంది. ముంచడానికి నీళ్ళు లేవు. అరచెయ్యి పెట్టి చూసింది. రెండు పలకల మధ్య గోరు కూడా దూరలేదు. ఎవరో తన పేరు దండోరా వేసినట్టు ఒళ్ళు పొంగింది. గట్టు మీద చూడ్డానికి ఒక్కడూ లేడు. లేనందుకు ఆమెకి ఏమీ తక్కువ కాలేదు.

పేరిందేవి ఒళ్ళో కాగితాలు పెట్టుకుని రాస్తోంది. పది దాటి చాలాసేపయింది. కొత్త అధ్యాయంలో వాలయ్య కారే పడవలో కూర్చుని, ఎవరికీ జవాబివ్వకుండా తోడుతున్నాడు. శాంభవి తొంగి చదివింది. మళ్ళీ చదివింది. సభ ఇంకో నెలకి పెట్టారట. ప్రసంగం మొదటి అక్షరం నుంచీ మళ్ళీ రాసుకోవాలి. రాసుకుంటుంది, దానికేం!

అయినా ఒక్కటి అడక్కుండా ఉండలేకపోయింది. "అందరూ మెచ్చిన నాలుగు పేజీలు గురువుగారూ. కొట్టేస్తుంటే మీ గర్వం దెబ్బతినలేదా?"

పేరిందేవి తలెత్తలేదు.

"చదివేవాళ్ళని ఏడిపించాలని అవి రాసిన రోజున నాకు గర్వం చాలలేదు, అమ్మాయ్," అంది.