కాలర్‌కి తగిలించిన మైకు

ఎఫ్రాయిన్‌కి కూర్చున్నా స్థిమితం లేదు, నిలబడ్డా లేదు. నెలాఖరుకి పరిశోధన చూపించకపోతే యూనివర్సిటీలో సీటు పోతుంది. చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

అతనిది పెరూ దేశంలో కొండల మీది పల్లె. ఆ కొండల్లో జనానికి ఇంట్లో కెచువా భాష, ఆఫీసుల్లో స్పానిష్. సంతకొచ్చేసరికి ఒక్క వాక్యంలోనే రెండూ కలిసిపోతాయి. ఆ కలయిక మీదే అతని పరిశోధన. అతనికి గురువు ఇర్మా మేడమ్. ఆ భాషల కలయికని పరిశోధిస్తూనే ఆవిడ తల నెరిసిపోయింది.

ఆ సాయంత్రం మేడమ్ వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తున్నారు. అతను గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"సంతలో వాళ్లవి అంతా దొంగవేషాలు మేడమ్. దూరం నుంచి వింటే రెండు భాషలూ కలిపి గలగలా మాట్లాడుకుంటారు. నేను వెళ్లి మైకు పెట్టగానే శాలువా సర్దుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు అచ్చమైన స్పానిష్. ఉల్లిపాయలమ్మే ఆవిడైతే నన్ను అయ్యగారూ అంది."

"కూర్చో."

"కూర్చోలేను. ఇంక ఒక్కటే దారి. మైకు సంచిలో దాచి తీసుకెళ్తాను. వాళ్లకి తెలియనివ్వను. మీరు ఊఁ అంటే రేపే."

మేడమ్ ఊఁ అనలేదు, వద్దనీ అనలేదు. "ఈ మధ్య మీ అమ్మతో మాట్లాడావా?" అన్నారు.

"లేదు. తీరికెక్కడ?"

"ఇప్పుడు మాట్లాడు. నేనీ దుంపలు పూర్తి చేసేలోపు."

విసుక్కుంటూనే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. తల్లి గొంతు వినగానే విసుగు పోయింది. గొర్రె ఈనిందా, వానకి కప్పు కారుతోందా, చెల్లి మళ్లీ అలిగిందా. సగం కెచువా, సగం స్పానిష్, మధ్యలో నవ్వు. తనకి తెలియకుండానే పీట మీద కూర్చున్నాడు.

మేడమ్ చేతులు తుడుచుకున్నారు. అతని సంచిలోంచి మైకు తీసి, అతనికి చూపించి, కాలర్‌కి తగిలించారు. ఎర్రటి దీపం వెలిగింది.

అతని వెన్ను నిటారైంది.

"అవునమ్మా," అన్నాడు అచ్చమైన స్పానిష్‌లో. "నా ఆరోగ్యం బాగానే ఉంది. అక్కడ వాతావరణం ఎలా ఉంది?"

అవతల తల్లి గొంతు తగ్గించి కెచువాలో అడిగింది.

"నీ పక్కన ఎవరున్నార్రా? పోలీసులా?"

ఆ మాట వంటింట్లో ఇద్దరికీ వినబడింది. ఎఫ్రాయిన్ కాలర్ దగ్గరి ఎర్రదీపాన్ని చూసుకున్నాడు. మేడమ్ వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు.

ఆవిడ అప్పటికే ఇంకో దుంప అందుకున్నారు.

"నాకు తర్వాత చెబుదువుగాని," అన్నారు. "ముందు అమ్మకి జవాబు చెప్పు."