ఏరుదాటు గౌరి నోము: విరజ వైద్యపీఠమున చేరిన కథ

అక్షతలు చేతబట్టుకొని, ముచ్చట్లు కట్టిపెట్టి వినుడు.

పూర్వము కదళీవనమున తృణపాణి మహర్షి సుఖాసీనుడై యుండగా, వేణుదర్భుడను ముని నమస్కరించి యిట్లడిగెను: "స్వామీ! కరవు వచ్చి కొందరు పుట్టిన దేశము విడుతురు. వారు చంకనెత్తుకొని తెచ్చిన పసిబిడ్డలు వచ్చినచోటనే పెరిగి, అక్కడి మాటయే మాటలాడి, అక్కడి చదువే చదువుదురు. తీరా పెద్దచదువు గడప తొక్కబోగా, నీవు పరాయిదానవు పొమ్మందురు. అట్టివారి కష్టము తీర్చు నోము ఏదైన కలదా?"

తృణపాణి సంతసించి, "నాయనా, పదిమందికి పనికివచ్చు ప్రశ్న వేసితివి. ఏరుదాటు గౌరి నోము కలదు, వినుము" అని చెప్పనారంభించెను.

మణిమంతమను పట్టణమున నాగదత్తుడను అద్దకపువాడు, అతని భార్య కమలిని, కూతురు విరజ ఉండిరి. ఆవలి దేశమున వానలు లేక బావులెండిన యేట, వారు విరజను చంకనెత్తుకొని శంఖినీనది దాటి వచ్చిరి. రేవులో రాజభటులు వారికి బాటసారి ముద్ర వేసి, నివాసముద్ర పిమ్మట ఇత్తుమనిరి. ఆ పిమ్మట అన్నది ఎన్నడును రాలేదు.

విరజకు వైద్యమన్న ప్రాణము. తన తమ్ముడు విషజ్వరమున కన్నుమూయుట చూచిననాడే, నాడి పట్టుట నేర్చి తీరవలెనని పట్టుబట్టెను. పరీక్షలో ఆచార్య భద్రశీలుని మెప్పించి వైద్యపీఠమున చోటు సంపాదించెను. కాని ప్రవేశద్వారమున లేఖకుడు ఆమె ముద్ర చూచి, ఇది దారిన పోవువారిది గాని చదువుకొనువారిది కాదనియు, పౌర్ణమిలోగా నివాసముద్ర తేకున్న పేరు వ్రాయననియు చెప్పెను. "అయ్యా, ఈ ఊరు తప్ప నేను మరియొక ఊరెరుగను" అని విరజ మొరపెట్టుకొనెను. అతడు నొచ్చుకొనెను, అయినను పేరు వ్రాయడాయెను.

అప్పుడు పొరుగింటి పెద్దముత్తైదువ కమలినికి ఈ నోము చెప్పెను. ఏటి యిసుకతో గౌరిని చేసి, పసుపు కుంకుమలతో పూజించి, అందరికన్న వెనుక ఏరు దాటి వచ్చిన స్త్రీకి మొదటి వాయనమీయవలెను. తక్కినవెన్ని లోపించినను తల్లి సైచును, ఆ వాయనము తప్పిన సైపదు.

కమలిని భక్తితో పూజ చేసెను. పేరంటమునకు ముద్రాధికారి భార్య పద్మగంధియు వచ్చెను. తన భర్తతో ఒక మాట చెప్పెదనని ఆమె అభయమిచ్చియుండెను. ఇంతలో తడిచీరతో, చంకలో బిడ్డతో ఒక స్త్రీ వాకిట నిలిచి, ఆవలియొడ్డు మాటలో ఏదో అడిగెను. విరజకు ఆ మాట రాదు, తల్లికి వచ్చునని మాత్రము తెలియును. కమలిని, ఈమె మనవారిలోనిదని తెలిసినచో పద్మగంధి ఏమనుకొనునో యని తలచి, "ఆ మాట మాకు తెలియదమ్మా" అని ముఖము తిప్పుకొని, మొదటి వాయనము పద్మగంధి కొంగున పెట్టెను. వచ్చినామె కమలిని ముఖమువంక ఒకసారి చూచి, వెనుదిరిగి పోయెను. గౌరికి ఆగ్రహము వచ్చెను. రాదా మరి!

మరునాడు రేవులో జ్వరము పొడసూపెననియు, ఏరు దాటినవారి కెవరికిని ఇక ముద్ర లేదనియు చాటింపు వేసిరి. పద్మగంధి భర్త నోరు మెదపడాయెను. నాగదత్తుడు వేసిన రంగు ఏ గుడ్డకును పట్టదాయెను. పౌర్ణమినాడు తోడివారందరు గంట మ్రోగగానే లోనికి పోయిరి. విరజ వీథిలో నిలిచిపోయెను.

ఇంటికి వచ్చి ఆమె కుమిలి కుమిలి ఏడ్వగా, కమలిని కూతురి కాళ్ళ దగ్గర కూలబడి, "ఆ మాట నాకు తెలుసునే తల్లీ! మా అమ్మ నన్ను జోకొట్టిన మాట అది. తెలియదంటిని" అని వలవల ఏడ్చెను. విరజకు ముందు కోపము వచ్చెను, పిదప తల్లిపై జాలి కలిగెను. కన్నీరు తుడుచుకొని, "లెమ్ము, ఆమెను వెదకుదము" అనెను.

రేవుపాకలో ఆమె కనబడెను. పేరు తుంగ. బిడ్డ ఒళ్ళు కాలిపోవుచుండెను. కమలిని క్షమింపుమని వేడుకొని, అక్కడనే ఇసుకగౌరిని చేసి, "ఇస్తినమ్మ వాయనము" అని తన చిన్ననాటి మాటలో అందరు వినగా పలికెను. తుంగ చేతులు చాచి పుచ్చుకొనెను.

పిదప తల్లీకూతుళ్ళు ఇంటికి పోలేదు. పాకనిండ జ్వరపీడితులే ఉండిరి. వైద్యులు వచ్చిరి గాని, రోగి యేమి చెప్పునో వారికి తెలియదు. కమలిని అడిగి చెప్పుచుండ, విరజ నాడి చూచి, కషాయములు పట్టెను. భద్రశీలుడు అది కన్నులార చూచి, తిన్నగా రాజసభకు పోయి, అట్టి శిష్యురాలికి చోటులేని పీఠమున తానును ఉండజాలననెను. రాజు సిగ్గుపడి, చాటింపు రద్దుచేసి, చంకనెక్కి ఏరు దాటిన బిడ్డకు పెరిగిన యొడ్డే స్వదేశమని శాసనము చేసెను. గడువు దాటినదని ఎవరో గొణిగిరి, రాజు వినిపించుకొనలేదు. లేఖకుడు తానే ఎదురువచ్చి విరజ పేరు వ్రాసెను. నాగదత్తుని బట్టలకు రంగు పట్టెను, ఇల్లు కళకళలాడెను.

వేణుదర్భుడు చేతులు జోడించి, ఆ తుంగ సాక్షాత్తు గౌరియే కదా యని అడిగెను. తృణపాణి నవ్వి, "అట్లనుకొన్న మనకు సులువు నాయనా! కాదు. ఆమె బిడ్డకు జ్వరము తగ్గిన పిమ్మట ఆ ఊరనే గానుగ పెట్టుకొని బ్రతికెను. ఉత్త మనిషి. అందుకే గౌరికి అంత కోపము వచ్చెను" అనెను.

ఈ నోము దేశము మారినవారు, చదువు గడపవద్ద ఆగినవారు, వారిని కన్నవారు చేయవలెను. చేసినవారికి నిలుచుటకు నేల, చదువుటకు చోటు, చేతికి హస్తవాసి కలుగును. ముద్రలు వేయు అధికారులు చేయనక్కరలేదు, వినిన చాలును. కాని మధ్యలో లేచిపోక తుదివరకు వినవలెను.

అక్షతలు శిరస్సున వేసికొనుడు. ప్రసాదమునకు తొందరపడకుడు. ముందు ఎవరైన ఒకరు లేచి తలుపు తీసి, వాకిట ఎవరు నిలిచియున్నారో చూచి రండు.