వేలు దూరేంత

“తప్పు చేసిన చేతిని మళ్ళీ అదే పని మీద పెట్టవచ్చునా అయ్యా?” అని హైమావతి అడిగిన రోజున మా గురువు చెంగల్రాయుడుగారు జవాబు చెప్పలేదు. అది ఆయన అలవాటే. ఎవరేమడిగినా ముందు చేతిలోని కలం కడిగేవారు. నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ ముంచి, నీళ్ళు తేటపడేదాకా పిండి, గుడ్డతో తుడిచి గూట్లో పెట్టేవారు. ఆ లోపల అడిగినవారిలో సగంమంది లేచి వెళ్ళిపోయేవారు. మిగిలినవారికి ఏదో ఒక పని చెప్పేవారు. జవాబు ఆ పనిలోనే ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసేది.

శ్రీకాళహస్తిలో ఏటి ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఆయన ఇంటి వసారాలో మేం ఐదారుగురం బట్ట మీద బొమ్మలు రాయడం నేర్చుకునేవాళ్ళం. మా కలం అంటే వెదురుపుల్ల. కొస సన్నగా చెక్కి, దానికి కాస్త పైన పాత ఉన్ని చుట్టి, దారంతో బిగించి కడతాం. రంగులో ముంచితే ఉన్ని తాగుతుంది. వేళ్ళతో నొక్కితే కొసమీదుగా దిగుతుంది. కట్టు వదులైతే రంగు ఒక్కసారిగా కారి బట్ట పాడవుతుంది. కట్టు బిగించడంలో మాలో హైమావతిని మించినవాళ్ళు లేరు. గురువుగారు కూడా తన కలాలు ఆమెచేతనే కట్టించుకునేవారు.

ఆమె దేన్నైనా అలాగే కట్టేది. అన్నం మూటకు మూడు ముళ్ళు. సంచి మూతికి రెండు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, పద్మజ, సుగుణ. ఒకతె ఎనిమిదో తరగతి, ఒకతె ఐదో తరగతి. కడప అవతల గురుకులంలో చదువుతున్నారు. భర్త లారీ మీద తిరుగుతాడు కాబట్టి పిల్లల్ని పెంచే పనంతా ఆదివారం పది నిమిషాల ఫోనులోనే జరగాలి. అందుకని వారమంతా ఒక కాగితం మీద రాసుకునేది. దుప్పటి ఎండకు వేశారా, కదిలిన పన్ను ఊడిందా, నీళ్ళు కాచి ఇస్తున్నారా, లెక్కల టీచరు ఇంకా కోప్పడుతోందా. కాగితం చదవడం అయ్యేసరికి పది నిమిషాలూ అయిపోయేవి.

పిల్లలు వెళుతూ ఆమెకు అప్పగించింది ఒక్కటే, తమ పిల్లి. మినపసున్ని రంగులో గుండ్రంగా ఉంటుందని దానికి సున్నుండ అని పేరు పెట్టారు. “అమ్మా, మళ్ళీ వచ్చినప్పుడు దీన్ని ఉన్నది ఉన్నట్టు మాకు చూపించాల” అని చిన్నది ఒట్టు వేయించుకుంది. హైమావతి దాన్ని ఇంట్లో ఒంటరిగా వదలలేక రోజూ వసారాకు తెచ్చేది. దానికీ అది ఇష్టమే. మేం బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేస్తాం. ఆ పాలవాసనకు అది బట్టల కిందనే కాపురం పెట్టింది.

ఒక గురువారం గాలికి వీధి తలుపు ధడాలున పడి సున్నుండ తోక సందులో నలిగింది. కొసకు నాలుగు వేళ్ళ పైన తోలు చీలింది. హైమావతి పరుగున వచ్చి పసుపునీళ్ళతో కడిగి, మెత్తటి పాతగుడ్డ చుట్టి, పైన దారంతో కట్టింది. పిల్లి ఆ కట్టును పళ్ళతో లాగినప్పుడల్లా ఆమె ఇంకొక చుట్టు చుట్టి బిగించింది. ఆదివారం ఫోనులో చిన్నది “సున్నుండ ఎట్లుంది?” అని అడిగితే “బాగుంది” అంది. గాయం చిన్నదే, వాళ్ళు వచ్చేనాటికి మానిపోతుంది అనుకుంది.

బుధవారం పొద్దున వాసన వచ్చింది. కట్టు విప్పేసరికి తోక కొస నల్లగా, చల్లగా ఉంది. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని వచ్చి గురువుగారి ముందు కూర్చుంది. ఆయన తోకను ముట్టుకోలేదు. పక్కన పడి ఉన్న గుడ్డనూ దారాన్నీ తీసి చూశారు. చుట్లు వేలికి తగిలించి లెక్కపెట్టినట్టు చూసి, “ఇది కలం కట్టు కదమ్మా” అన్నారు.

ఆమెకు అర్థమైంది. మా అందరికీ అర్థమైంది. తలుపు చంపలేదు ఆ తోకను.

అప్పుడే ఆమె ఆ ప్రశ్న అడిగింది. అడిగి ఊరుకోలేదు. “నేనింక దీన్ని ముట్టుకోను. ఎవరినైనా ఆసుపత్రికి పంపండి. వాళ్ళేం చేసినా సరే. నా చెయ్యి పడితే ఇంకా పాడవుతుంది” అంది. గురువుగారు కలం కడిగారు, తుడిచారు, గూట్లో పెట్టారు. “బుట్ట తీసుకో. నేనూ వస్తా” అన్నారు.

నేనూ వెంట వెళ్ళాను. పశువుల ఆసుపత్రి ముందు గేదెలు, మేకలు, ఒక కుంటి దూడ. బుట్టలోంచి పిల్లి అరిచేసరికి గేదె పలుపు పట్టుకున్న ఒకాయన నవ్వాడు. “పిల్లికి కూడా డాక్టరా? ఏం మా, పాలు సరిగ్గా ఇవ్వడం లేదా?” హైమావతి అతని వంక చూడలేదు. గురువుగారే, “ఇవ్వదు నాయనా, తాగుతుంది” అన్నారు.

డాక్టరు నస్రీన్ తోక కొస నుంచి పైకి చిన్న పట్టకారుతో అంగుళమంగుళం నొక్కుతూ వచ్చింది. చాలాసేపు పిల్లికి ఏమీ తెలియలేదు. ఒక చోట నొక్కగానే బుస్సుమంది.

“ఇక్కడి నుంచి ప్రాణం ఉంది. కింద లేదు. కింది భాగం ఎటూ తీసెయ్యాలి. ఎంత తీయాలన్నదే ఇప్పుడు చెప్పలేను. సోమవారం దాకా సూదిమందు వేస్తాను. నలుపు ఇక్కడే ఆగితే కొంత తోక మిగులుతుంది. పైకి పాకితే మొదలుకంటా తీయాలి. మొదట్లో నరాలున్నాయమ్మా. అంతదాకా పోతే దానికి ఉచ్చ, దొడ్డీ అదుపు తప్పవచ్చు.”

“ఆగాలంటే ఏం చేయాల?” అంది హైమావతి.

“రోజుకు రెండుసార్లు కడిగి, మందు రాసి, కట్టు కట్టాలి. వదులుగా. కట్టు కింద మీ చిటికెనవేలు దూరాలి.”

“ఇక్కడ ఎవరైనా కట్టరా?”

“కడతారు. అది కట్టించుకుంటుందా?” అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం వసారాలో హైమావతి మందు, గుడ్డ గురువుగారి ముందు పెట్టి, “మీరు కట్టండయ్యా” అంది. ఆయన కాదనలేదు. పిల్లిని మెల్లగా ఒళ్ళోకి తీసుకుని తోక పట్టుకున్నారు. మరుక్షణం ఆయన మణికట్టు మీద మూడు గీతలు పడ్డాయి. పిల్లి రంగుకుండల వెనక దూరింది. ఆయన లేచి, కలం కడిగినంత నిదానంగా చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. కొంతసేపటికి హైమావతి, ఏమనుకుందో, “సున్నుండా” అని పిలిచింది. అది కుండల సందు నుంచి వచ్చి, అటూ ఇటూ చూసి, ఆమె ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

ఆమె కట్టు కట్టింది. వేలు పెట్టి చూసింది. దూరలేదు. విప్పింది. మళ్ళీ కట్టింది. అది జారి ఊడిపోయింది. నాలుగోసారికి నిలిచింది. మర్నాటి నుంచి ఏ కాస్త తీరిక దొరికినా ఒక వెదురుపుల్ల తీసుకుని దాని మీద ఉన్ని చుట్టి కట్టడం, వేలు పెట్టి చూడడం, విప్పడం, మళ్ళీ కట్టడం. పదిహేనేళ్ళుగా గట్టిగా కట్టిన వేళ్ళకు వదులుగా, ఊడకుండా కట్టడం వేరే విద్య. మాలో పెద్దవాడు రెడ్డెప్ప మీసం దువ్వుకుంటూ ఆ కలాన్ని చూసి, “హైమక్కా, దీంతో ఏనుగును రాస్తే ఏనుగు రాదు, ఏరొస్తుంది” అన్నాడు. ఆమె తలెత్తకుండా, “ఏనుగుకు రాసేది కాదులే అన్నా ఇది” అని మళ్ళీ విప్పింది.

శుక్రవారం నలుపు ఒక వేలు పైకి వచ్చింది. ఆమె మసిబొగ్గుతో బల్ల మీద గీత పెట్టుకుని కొలిచింది. శనివారం పొద్దున ఇంకొక అరవేలు. అన్నం తినలేదు గాని కట్టు మానలేదు. ఆ సాయంత్రం కొలిస్తే కదల్లేదు. మళ్ళీ కొలిచింది, నన్ను కొలవమంది. కదల్లేదు.

ఆదివారం ఫోను వసారాలోంచే చేసింది. కాగితం చేతిలో ఉంది గాని మడత విప్పలేదు. మేం లేవబోతే, “కూర్చోండి, దాచేదేం లేదు” అంది. ఫోను అందరికీ వినబడేలా పెట్టింది.

“పద్మా, సుగుణా, ఇద్దరూ వినండి. సున్నుండ తోక తలుపులో పడింది. పోయిన వారం మీకు బాగుందని చెప్పినా. అది అబద్ధం. నేను కట్టు చాలా బిగించి కట్టినా. దానివల్ల రక్తం ఆడక తోక చచ్చిపోయింది. రేపు కోయిస్తా.”

అవతల ఎవరో అమ్మాయి వెనకనుంచి “త్వరగా కానీ, మా వంతు” అంటోంది.

“మొత్తం తోకా?” అంది చిన్నది.

“డాక్టరమ్మ ఎంతంటే అంత. కొంచెం మిగిలేటట్టు చూస్తున్నా.”

“నొప్పి తెలీకుండా సూదేస్తారా?” ఇది పెద్దది.

“వేస్తారు. నేను దగ్గరే ఉంటా. కదలను.”

తర్వాత చిన్నది ముక్కు ఎగబీలుస్తూ అంది: “అమ్మా, మా జడలు కూడా నువ్వు అట్లనే కడతావు. తలంతా నొప్పి పుడుతుంది. ఇప్పుడు మేమే వేసుకుంటున్నాం.”

రెడ్డెప్ప మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. “ఎవరు ఎవరికి వేస్తారు?” అని అడిగింది హైమావతి.

“అక్క నాకు, నేను అక్కకు.”

“సరే. ఇంకా ఏం చేసుకుంటున్నారో చెప్పండి, వింటా” అంది. ఉన్న నాలుగు నిమిషాలూ వాళ్ళే మాట్లాడారు. కాగితం ఆమె పిడికిట్లో చెమటకు తడిసిపోయింది.

సోమవారం డాక్టరమ్మ తోకను చూసి, “ఆగింది” అంది. నాలుగు వేళ్ళ తోక మిగిల్చి మిగతాది తీసేసింది. మత్తు ఎక్కేదాకా, తర్వాత కుట్లు పడేదాకా హైమావతి బల్ల పక్కన నిలబడి పిల్లి తలను రెండు అరచేతుల మధ్య పట్టుకునే ఉంది. పట్టుకుంది గాని నొక్కలేదు. డాక్టరమ్మ కట్టు కట్టబోయి, ఆగి, గుడ్డను ఆమె చేతికిచ్చింది. ఆమె కట్టింది. డాక్టరమ్మ చిటికెనవేలు పెట్టి చూసి, తల ఊపింది.

పన్నెండు రోజులు రెండు పూటలా ఆమే కట్టింది. సున్నుండ మొదట్లో గోడ మీదికి దూకబోయి అంచనా తప్పి రెండుసార్లు కిందపడింది. మూడోసారి కాసేపు గోడను తేరిపార చూసి, పక్కనున్న తిరగలి మీదికి ముందు ఎక్కి, అక్కణ్ణుంచి గోడ ఎక్కింది. అప్పటినుంచి దానికి అదే దారి.

కుట్లు తీసిన మర్నాడు హైమావతి దాదాపు మూడు వారాల తర్వాత బట్ట ముందు కూర్చుంది. ఇనుపముక్కలు బెల్లంనీళ్ళలో ఊరబెట్టి తీసిన మా నల్లరంగు, కరక్కాయ పట్టించిన బట్ట మీద ఒకసారి పడితే ఇక పోదు. మేమంతా మొదటి గీత దగ్గర కాస్త తటపటాయిస్తాం. ఆమె మరీను. గురువుగారికోసం కొత్త కలం కట్టి ఇచ్చింది. ఆయన నొక్కి చూశారు. ఎప్పటిలాగే బిగువుగా ఉంది, రంగు ఒక్కొక్క చుక్కగా దిగింది. తన కలం తాను తీసుకుంది గాని కొస బట్టకు ఆనించలేదు.

“అయ్యా,” అంది, “ఆ రోజు ఒకటి అడిగినాను. తప్పు చేసిన చేతిని మళ్ళీ పెట్టవచ్చునా అని. మీరు చెప్పనే లేదు.”

గురువుగారు చేతిలోని కలాన్ని నీళ్ళలో ముంచారు. పిండారు. నీళ్ళు తేటపడేదాకా పిండి, తుడిచి, గూట్లో పెట్టారు. ఆమె లేవలేదు. సున్నుండ ఆమె ఒళ్ళో తన పొట్టి తోకను తానే చూసుకుంటూ పడుకుని ఉంది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు ఆమె ముందు చాచారు. మూడు గీతలూ మాని, తెల్లగా మిగిలాయి.

“నేను దానికి ఏ తప్పూ చేయలేదమ్మా,” అన్నారు. “ఎట్లా గీరిందో చూడు.”