సుంకులమ్మ కుట్టిన బొంత

ఎప్పటి మాటో చెప్పలేం. కొండలు ఇప్పుడున్న చోటే ఉన్నాయి, మనమే లేం. అప్పుడు ఆ కొండల కింద సుంకులమ్మ అని ఒకావిడ ఉండేది. పాతచీరలు పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టేది. ఏ ఇంటివాళ్ళు పిలిస్తే ఆ ఇంటికి పోయేది. పిలవని నాడు పొయ్యి వెలిగేది కాదు.

అందుకే ఆమెకు ఎప్పుడూ గుబులే. ఇంట్లో చేతులు కడుక్కునేది, దారిలో వాగు దగ్గర కడుక్కునేది, గడప ముందు మళ్ళీ కడుక్కునేది.

ఒక ఇంట్లో అన్నారు, "మీవాళ్ళలో నీ అంత శుభ్రమైనదాన్ని చూడలేదమ్మే."

సుంకులమ్మ నవ్వింది. సూదిలో దారం ఎక్కించుకుంది.

ఇంకో ఇంట్లో ముసలమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "ఊరికే, నీకు తోడుగా" అంది. ఆమె చూపు సుంకులమ్మ వెంట తెచ్చుకున్న మూట మీదే ఉంది.

సుంకులమ్మ నవ్వింది. సూదిలో దారం ఎక్కించుకుంది. పోయేటప్పుడు ఎవరూ అడగకముందే మూట విప్పి చూపించింది.

ఇంటికి నడుస్తూ తనలో తానే అనుకునేది. "వాళ్ళు తిట్టలేదే. కొట్టలేదే. మరి నాకెందుకు అన్నం దిగదు?"

అట్లా ఉండగా చెన్నక్క ఇంటినుంచి పిలుపొచ్చింది. చెన్నక్క ఆ ఊళ్ళో పెద్దింటి ఇల్లాలు. కూతురు ఈరమ్మ కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పుట్టబోయే బిడ్డకు బొంత కావాలి. సుంకులమ్మ మెత్తటి చీరలు ఏరి, చిన్న చిన్న కుట్లతో సగం కుట్టింది. చెన్నక్క వచ్చి తడిమి చూసింది.

"బాగుందే. అయిపోయాక వేడినీళ్ళలో ఉడకబెడతాంలే. బిడ్డ మీద కప్పేది కదా, నువ్వు ముట్టుకున్నది" అంది, నవ్వుతూనే.

సుంకులమ్మకు ఈసారి నవ్వు రాలేదు. సూది పక్కన పెట్టింది.

"మాసిందని ఉతకండమ్మా, తప్పు లేదు. నేను ముట్టానని ఉతికేటట్టయితే నేను కుట్టలేను."

"అంత మాట ఏమంటినే? ప్రేమగానే చెప్తిని కదా."

"ప్రేమగానే చెప్పినారమ్మా. అందుకే ఇన్నాళ్ళూ ఏమనాలో నాకు తెలియలేదు."

బొంత మడతపెట్టి అక్కడే ఉంచి లేచింది. వాగు దాటి ఇంటికి వచ్చేసింది.

సుంకులమ్మకు పొగరెక్కిందన్న మాట ఊరూరా పాకింది. పిలుపులు ఆగిపోయాయి. చలికాలం వచ్చింది. బొంతలు కుట్టించే కాలమది. అయినా ఒక్కరూ పిలవలేదు. నోరు మూసుకుని ఉండాల్సిందేమో అని కుమిలింది. కుక్క మొరిగినా ఎవరో తిట్టడానికి వస్తున్నారనుకునేది.

ఒక పొద్దున తలుపు చప్పుడైంది. భయపడుతూనే తీసింది. ఎదురుగా ఈరమ్మ. ఒక చేత బిడ్డ, ఒక చేత సగం కుట్టిన బొంత.

"అత్తా, అమ్మ ఆ మాట అన్నప్పుడు నేను లోపలే ఉన్నా. వినీ ఊరుకుంటిని" అంది ఈరమ్మ.

సుంకులమ్మ ఆమెను లోపలికి రానిచ్చింది. మూలనున్న చాప పరిచింది. ఈరమ్మ చాప మీద కూర్చుని, బిడ్డను సుంకులమ్మ ఒడిలో పెట్టింది. తాను బొంత కొస పట్టుకుంది.

"నాకు కుట్టడం రాదు. నేర్పిస్తావా?"

పొద్దు వాలేదాకా ఇద్దరూ చెరో కొసా పట్టుకుని కుట్టారు. కుట్టిన బొంతను కుట్టినట్టే బిడ్డకు కప్పి తీసుకుపోయింది ఈరమ్మ. దారిలో అడిగినవాళ్ళందరికీ ఎవరు కుట్టారో చెప్పింది.

చెన్నక్క మాత్రం మళ్ళీ పిలవలేదు. మిగతా ఇళ్ళు ఒక్కటొక్కటే పిలిచాయి. చచ్చేదాకా కొత్త గడప ముందు సుంకులమ్మ చేతులు చల్లబడుతూనే ఉండేవి. కానీ మూట విప్పి చూపడం మానేసింది. చూపమంటే లేచి వచ్చేసేది.

ఆ కొండల కింద ఇప్పటికీ బొంత కుట్టే మనిషి వస్తే, ఇంటి ఇల్లాలు ఆ మనిషితో ఒకే చాప మీద కూర్చుని రెండో కొస పట్టుకుంటుంది. మొదటి కుట్టు ఆ ఇల్లాలే వేస్తుంది. బిడ్డ ఏడుపు ఆపకపోతే, ఏ ఇంటివాళ్ళైనా సరే, బొంత గొంతుదాకా కప్పి ఒకటే మాట అంటారు. "సుంకులవ్వ వచ్చింది. ఇంక పడుకో."