గంధపుచెక్క వాకిలి

ఒకానొక రాజ్యంలో రెండు వన్నెల మనుషులు ఉండేవారు. ఆ రాజ్యం పేరు చెబితే అక్కడివాళ్ళ మనవలు ఇప్పటికీ తగువుకొస్తారు కనుక చెప్పను. గుర్రాలెక్కి ఎక్కణ్ణుంచో వచ్చి కోట కట్టుకున్నవాళ్ళది గంధంవన్నె. అంతకుముందు నుంచీ ఆ నేల దున్నుకుంటున్నవాళ్ళది రేగడివన్నె.

కోటకి తూర్పు ముఖాన వాకిలి. అందులో ఏనుగు పట్టే పెద్ద తలుపు ఒకటి, దాని పక్కన నడుం వంచి దూరాల్సిన దిడ్డి ఒకటి. వాకిలి కాపరి చేతిలో అరచేయంత గంధపుచెక్క ఉండేది. వచ్చినవాడి చెంపకి ఆ చెక్క ఆనించి చూసేవాడు. చెంప చెక్కకంటే తెల్లగా ఉంటే పెద్ద తలుపులోంచి ఎప్పుడైనా వెళ్ళొచ్చు. నల్లగా ఉంటే దిడ్డి దగ్గర నిలబడాలి. మిట్టమధ్యాహ్నం నగారా మోగితేగాని దిడ్డి తెరవరు. అప్పటిదాకా ఎండ నెత్తిమీదే. ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడిగినవాడు లేడు. పెద్ద తలుపులోంచి వెళ్ళేవాళ్ళకి అడగాల్సిన పని లేదు. దిడ్డి దగ్గరివాళ్ళు అడిగితే వినిపించేంత దగ్గరలో ఎవరూ ఉండేవారు కాదు.

ఆ కోటలో ధవళకేతు మహారాజు ఏలుబడి. మంచివాడే. ఆయన మంచివాడని ఆయనే రోజుకి నాలుగుసార్లు చెప్పేవాడు కాబట్టి మరొకరు సాక్ష్యం చెప్పే అవసరం రాలేదు.

రాజుగారి దగ్గర అడపం పట్టేవాడు తిప్పన. అంటే తాంబూలం సంచీ మోస్తూ, అడిగినప్పుడల్లా ఆకు చిలకలు చుట్టి అందించేవాడు. మనిషిది చామనచాయ. పుష్యమాసంలో పెద్ద తలుపులోంచి వచ్చేవాడు, వైశాఖం వచ్చేసరికి దిడ్డి దగ్గర తేలేవాడు. అందువల్ల రాజ్యంలో రెండు దారులూ తెలిసినవాడు అతనొక్కడే.

ఒకనాడు భోజనమయ్యాక రాజుగారు చిలక నోట్లో పెట్టుకుని, మొహం ముడిచి, ఆకు వాడిపోయిందన్నాడు. ఆకులు తెచ్చే సింగన్నని పిలిపించారు. సింగన్నది రేగడివన్నె. ఏటి ఒడ్డున తాత నాటి నుంచీ వస్తున్న ఆకుతోట, అవిసె చెట్లకి పాకించిన తీగలు, అదే అతని బతుకు.

సింగన్న చేతులు కట్టుకుని, "తెల్లారకముందే కోసిన ఆకు దొరా. తోటలో వాడలేదు. దిడ్డి దగ్గర ఎండలో వాడింది. మా వన్నెవాళ్ళకి అక్కడ చాలా కష్టంగా ఉంది," అన్నాడు.

సభంతా అయ్యో అంది. రాజుగారి బావమరిది మాధవవర్మ కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకి జాలి ఎక్కువ. నల్లవాళ్ళ కష్టం వింటే ఎప్పుడూ కంటతడి పెట్టేవాడు, అది ఆరాక భోజనానికి లేచేవాడు.

సింగన్న అక్కడ ఆగి ఉంటే నాలుగు మెతుకుల దానం దొరికేది. కానీ సభ అంత మెత్తబడటం చూసి ఇంకొక్క మాట అన్నాడు. "మీరంతా చెంప తెల్లగా ఉన్నందుకే కదా దొరా ఎండ తగలకుండా లోపలికొస్తున్నారు."

రెండు మాటలూ ఒకే సంగతికి రెండు సగాలు. అయినా 'మాకు కష్టం' అన్నంతసేపూ అయ్యో అన్నవాళ్ళు 'మీకు సుఖం' అనేసరికి ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. సేనాపతి గుండమరాజు చెయ్యి కత్తిమీదికి పోయింది. మంత్రి కేశనామాత్యుడు తను చదివిన చదువంతా ఏకరువు పెట్టి, ఇదంతా చెంప చూసి వచ్చిందా అని అడిగాడు. ఒకాయన తన గుర్రాలవాడు నల్లవాడేనని, వాణ్ణి ఇంతవరకూ కొట్టలేదని చెప్పాడు. మాధవవర్మ మాత్రం, మాట నిజమైనా చెప్పే తీరు బాగాలేదని బాధపడి మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

రాజుగారు తీర్పు చెప్పాడు. సింగన్న సభని అవమానించాడు కనుక రేపు మధ్యాహ్నం నగారా మోగగానే అతని ఆకుతోట నరికించి, కుటుంబాన్ని ఏరు దాటించాలి.

మర్నాడు పొద్దెక్కేసరికి పన్నెండుమంది భటులు గొడ్డళ్ళతో తోటలో కూచున్నారు. సింగన్న భార్య పోలమ్మ తీగల మధ్య నిలబడి కోట వైపు చెవి పెట్టింది. సింగన్నని సంకెళ్ళతో సభలో ఓ మూల నిలబెట్టారు. నగారా ఎప్పుడు మోగుతుందోనని అతను పైకే చూస్తున్నాడు.

తిప్పన చిలక చుట్టి రాజుగారికి అందిస్తూ మెల్లిగా మాట కదిపాడు. సింగన్నకి శిక్ష పడటం సబబేనని, కాకపోతే అతను తన తప్పేమిటో తెలియకుండానే ఏరు దాటిపోతాడని అన్నాడు. గంధంవన్నెవాళ్ళు ఎంత కష్టపడి పైకొచ్చారో వాడికేం తెలుసు? సభలో పెద్దలు తమ తమ కష్టాలు ఒక్కసారి వినిపిస్తే, వెళ్ళేవాడు సిగ్గుపడి వెళతాడు కదా.

ఈ మాట సభకి బాగా నచ్చింది. తమ కష్టాలు చెప్పుకోమంటే వద్దనే పెద్దమనుషులు ఆ రాజ్యంలోనే కాదు, మన ఊళ్ళో కూడా లేరు. అందరికంటే పెద్ద కష్టం పడ్డవారికి తన బంగారు తాంబూలపు పెట్టె ఇస్తానని రాజుగారు ప్రకటించాడు. పెద్ద కష్టమేదో సభ తేల్చాలి. ఆ తర్వాత తిప్పన వైపు తిరిగి, "ఇదంతా కాలయాపన కోసమైతే మాత్రం, ఏరు దాటేవాళ్ళలో నువ్వూ ఉంటావు," అన్నాడు.

తిప్పన సున్నపు కాయ మూసి సంచీలో పెట్టుకున్నాడు. సరేనన్నాడు.

ముందు గుండమరాజు లేచాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తనకి రెండో గుర్రం కొనివ్వలేదట. ఉన్న ఒక్క గుర్రంతోనే సేనాపతి అయ్యాడట. మరొకాయన మేనమామ ఇంట్లో రెండేళ్ళు పచ్చడి లేకుండా అన్నం తిన్నాడు. మాధవవర్మ తన కష్టం చెప్పబోయి, దుఃఖం ఆగక కూచుండిపోయాడు. దాన్ని కూడా లెక్కలో వేసుకోమని ఆయన పక్కవాళ్ళు పట్టుబట్టారు.

సింగన్న వింటున్నాడు. వింటూ వింటూ కిటికీలోంచి పడే ఎండ ఎంతదూరం జరిగిందో చూస్తున్నాడు.

ఆఖరికి కేశనామాత్యుడు లేచాడు. గురువుగారింట్లో చదివే రోజుల్లో ఏరు పొంగి మూడు రోజులు అన్నం లేదని, చెట్టుమీద కూచుని గ్రంథం వల్లించానని, ఆకలికి కళ్ళు తిరిగాయని చెప్పాడు. బాగా చెప్పాడు. సభ నిట్టూర్చింది. ఇంతకంటే పెద్ద కష్టం ఉండబోదని నలుగురూ అన్నారు.

తిప్పన బంగారు పెట్టె రెండు చేతులా ఎత్తి మంత్రి వైపు నడిచాడు. మెల్లిగా నడిచాడు. మూడడుగులు వేసి ఆగాడు. "మహారాజుల వారు పుట్టుకతోనే మహారాజులు. కష్టమన్నది ఎరగరు. కనుక ఈ పెట్టె మంత్రిగారిదే," అన్నాడు.

రాజుగారి మొహం కందింది. ఆ పెట్టె పోతున్నందుకు కాదు. కష్టాల్లో కూడా తనకంటే మంత్రి పెద్దవాడైపోవడం ఆయనకి మింగుడుపడలేదు.

"ఆగు," అన్నాడు.

తిప్పన ఆగాడు. అతను ఆ మాట కోసమే పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నాడు. కోట బయట ఇరవై ఏళ్ళ కిందట, తనూ దిడ్డి దగ్గర నిలబడ్డ పూట జరిగిన సంగతి ఒకటి అతనికి తెలుసు. కాని అది అతను చెబితే తల పోతుంది. చెప్పాల్సిన నోరు వేరు.

రాజుగారు సింహాసనం మీద సర్దుకున్నాడు. అప్పుడాయన యువరాజు. వేసవిలో వేటకి పోయి దారి తప్పాడు. గుర్రం చచ్చింది. బొగ్గులు కాల్చేవాళ్ళ గుడిసెలో నెలరోజులు తలదాచుకుని, ఎండకి కమిలి, బొగ్గుమసి ఒంటికి పట్టి, కాలినడకన కోటకి చేరేసరికి తెల్లవారింది. కాపరి చెంపకి చెక్క పెట్టి చూసి దిడ్డి వైపు తోశాడు. నేను యువరాజునంటే నవ్వి, నిన్న వచ్చినవాడు చక్రవర్తినన్నాడని చెప్పాడు.

"తెల్లారినప్పటి నుంచి నగారా మోగేదాకా నిలబెట్టాడు," అన్నాడు రాజుగారు. "నా కళ్ళముందే మా వంటవాడి తమ్ముడు పెద్ద తలుపులోంచి దర్జాగా వెళ్ళాడు. వాడు నన్ను చూశాడు. చూడనట్టే వెళ్ళాడు. కాళ్ళు బొబ్బలెక్కాయి. పక్కన ఆకులబుట్ట పెట్టుకున్న ముసలాడెవడో బుట్టమీది తడిగుడ్డ తీసి నా నెత్తిన వేశాడు. ఇరవై ఏళ్ళయింది. ఆ పూట ఇవాళ్టికీ మరిచిపోలేదు. సిగ్గుపడి మా నాన్నగారికి కూడా చెప్పుకోలేదు."

మంత్రే ముందు లేచి, ఇంతటి కష్టం ముందు తన ఆకలి ఏపాటిదని ఒప్పుకున్నాడు. గుండమరాజు పళ్ళు కొరికాడు. మాధవవర్మ బిగ్గరగానే ఏడ్చాడు. దిడ్డి దగ్గర ఒక పూట నిలబడటం కంటే మించిన కష్టం ఈ రాజ్యంలో లేదని సభ ఒక్క గొంతుతో తేల్చింది.

తిప్పన పెట్టె తెచ్చి రాజుగారి పాదాల దగ్గర పెట్టాడు. పెట్టి, సింగన్న వైపు తిరిగాడు. "విన్నావు కదా సింగన్నా. ప్రభువుల కష్టంతో సరితూగేది నీ దగ్గర ఏదన్నా ఉంటే చెప్పు. లేకపోతే సిగ్గుపడి పో."

సింగన్న చాలాసేపు ఆలోచించాడు.

"నాకు చెప్పటం చేతకాదు దొరా," అన్నాడు. "ఏలినవారు ఒక్కరోజు నిలబడ్డారు గనక ఆ రోజు గుర్తుంది. నన్ను చెప్పమంటే, ఏ రోజుది చెప్పాలో తెలియటం లేదు."

రాజుగారు సింహాసనం మీద ముందుకి వంగాడు.

"నా విషయంలో జరిగింది పొరపాటు," అన్నాడు రాజుగారు. "కాపరి నన్ను పోల్చుకోలేదు. ఈ సింగన్నకీ నాకూ పోలికేమిటి?"

"చిత్తం," అన్నాడు తిప్పన. తలొంచుకునే ఉన్నాడు. "కాపరి మాత్రం పొరబడలేదు ప్రభూ. చెక్క ఎలా చూడమంటే అలా చూశాడు. ఏలినవారి చదువూ, శౌర్యమూ, పుట్టుకా అన్నీ ఆ పూటా ఏలినవారి దగ్గరే ఉన్నాయి. చెంప ఒక్కటే మారింది. నిన్న సింగన్న అన్నది ఆ ఒక్క ముక్కే. ఇవాళ సభంతా అదే నిజమని తేల్చి బహుమతి కూడా ఇచ్చింది. ఇప్పుడు ఆ మాట అవమానమైతే బహుమతి వెనక్కి తీసుకోవాలి. బహుమతి ఉంచుకుంటే తోటని వదలాలి. రెండూ ఏలినవారి చేతిలోనే ఉన్నాయి." ఒక్క క్షణం ఆగి అన్నాడు. "తడిగుడ్డ ఇచ్చిన ముసలాడి ఆకు ఆ రోజు వాడిపోయే ఉంటుంది. దివాణంలో తిట్లు కూడా తినే ఉంటాడు."

గుండమరాజు మళ్ళీ కత్తిమీద చెయ్యి వేశాడు. ఈసారి ఎవరిమీద దుయ్యాలో తెలియక అలాగే ఉంచాడు. పైన నగారా దగ్గర మనిషి కర్ర అందుకున్న చప్పుడయింది. సింగన్న కళ్ళు మూసుకున్నాడు.

రాజుగారు పెట్టె వంక చూశాడు. తన చెంప ఒకసారి తడుముకున్నాడు.

"నగారా ఆపమనండి," అన్నాడు.

భటుడు మెట్లమీదికి పరిగెత్తాడు. నగారా మోగలేదు. తోటలో భటులు గొడ్డళ్ళు ఎత్తి, ఎత్తినవి ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డారని పోలమ్మ తర్వాత ఏటి ఒడ్డున అందరికీ చెప్పుకుంది.

సింగన్నకి సంకెళ్ళు తీశారు. అంతా అయిపోయిందనుకున్నారు. తిప్పన మాత్రం ఇంకా తలొంచుకునే ఉన్నాడు.

"ఇంకేమిటి తిప్పనా?"

"నగారా మోగకపోతే దిడ్డి తెరవరు ప్రభూ. బయట జనం ఇంకా ఎండలోనే ఉన్నారు."

రాజుగారు అతని వంక అలాగే చూశాడు. ముందు రాజుగారి మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. ఆ తర్వాత సింహాసనం కిర్రుమనేలా నవ్వాడు.

"ఓరి తిప్పనా, నామీద నా చేతే సాక్ష్యం చెప్పించావు. పోయి పెద్ద తలుపు తెరవమను. అందరికీ."

బంగారు పెట్టె తిప్పనకి ఇచ్చాడు. కాపరి చేతిలోని గంధపుచెక్క తెప్పించి, సానమీద అరగదీయించి, సాయంత్రం కొలువుకి వచ్చిన ప్రతివాడి చేతికీ ఆ గంధం పూయించాడు. రెండు వన్నెల మీదా అది ఒకేలా ఆరింది. ఆ తర్వాత సభలో ఎవరిని కదిపినా ఆ చెక్క తమకి మొదటి నుంచీ నచ్చలేదనే చెప్పారు. అందరికంటే గట్టిగా గుండమరాజే చెప్పాడు. మాధవవర్మ ఆ సంతోషానికి కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు భోజనమయ్యాక తిప్పన చిలక అందించాడు. రాజుగారు నమిలి, కళ్ళు మూసుకుని, మరొకటి అడిగాడు.

"ఇంత లేత ఆకు తిని ఎన్నాళ్ళయిందో. ఏ తోటదిరా ఇది, కొత్తదా?"

"తోట పాతదే ప్రభూ," అన్నాడు తిప్పన. "వాకిలే కొత్తది."