రేవు జనం చేతులు

పూర్వం ఒక రాజ్యంలో, రేవు జనం తరఫున రాజసభలో విరూపాక్షయ్య కూర్చునేవాడు. రేవు సుంకం పాపమని ఒడ్డున ఉపన్యసించేవాడు, సభలో దాన్ని పెంచడానికే చెయ్యెత్తేవాడు.

మళ్లీ ఎన్నికొచ్చింది; ఎవరి పేరుకు ఎక్కువ చేతులు లేస్తే వాళ్లే గెలిచినట్టు. "మేమంతా మీ వైపే" అని జనం జేజేలు కొట్టారు. తీరా ఎన్నిక జరిపే అధికారి ఆయన పేరు చదివితే ఒక్క చెయ్యీ లేవలేదు. మళ్లీ చదివించినా జేజేలే తప్ప చేతుల్లేవు.

"ఇదేంటే నూకాలూ? నా వైపే అంటూ చెయ్యెత్తరేం?" అని విరూపాక్షయ్య పడవ నడిపే నూకాలునడిగాడు.

"మాకూ ఇన్నాళ్లూ అర్థం కాలేదు బాబయ్యా. మాట ఒకవైపు చెప్పి చెయ్యి ఇంకోవైపు ఎత్తడమే పద్ధతి కాబోలని, మీలాగే చెయ్యమని నేనే అందరికీ చెప్పాను."

అధికారి రెండో అభ్యర్థి పేరు చదివాడు. విరూపాక్షయ్యకు జేజేలు పలుకుతూనే జనమంతా చేతులెత్తారు.